ఖాజాభాయ్ వెతికిన చోటు

మొన్న మస్కట్ విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి చేతిలోని యంత్రం నా గాజుల దగ్గర కీచుమనగానే పక్కనున్న బల్ల పట్టుకున్నాను. ఆమె కంగారుపడి కుర్చీ చూపించింది. ఏళ్లు గడిచినా ఆ చప్పుడు వింటే అక్కడికి దూరంగా సహం అనే ఊళ్లోని మా వీధి, దాన్ని కప్పేసిన బురద, దాని మీద వంగి నిలబడ్డ ఖాజాభాయ్ కళ్ల ముందుకొస్తారు.

ఖాజాభాయ్‌ది కడప. ఏసీలు బాగుచేసేవారు, మా పక్క వాటాలో ఉండేవారు. శుక్రవారం వస్తే లోహాన్ని పసిగట్టే యంత్రం పట్టుకుని వీధి చివరి మైదానంలోనో సముద్రపు ఒడ్డునో తిరిగేవారు. పాత కోటల దగ్గర తవ్వకూడదని అటు మాత్రం పోయేవారు కాదు. నాణేలు దొరికితే పిల్లలకు పంచేవారు. ఉంగరమో తాళంచెవో దొరికితే అది ఎవరిదో కనుక్కోవడానికి ఇల్లిల్లూ తిరిగేవారు. మా పాప వెండి పట్టీ పోయినప్పుడు నేను, "పోనీలెండి భాయ్, ఎవరో తీసుంటారు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "యాడ పడిందో చూడకుండానే ఎవుర్నో దొంగను చేస్తే ఎట్లమ్మా?" అన్నారు. పట్టీ ఉయ్యాల కింద ఇసుకలో దొరికింది.

ఆ ఏడు తుపానుకు వాగు పొంగి మా వీధి మునిగింది. నీళ్లు తీశాక మైదానంలో పేరుకున్న బురద ఎండి గట్టిపడింది. పిల్లలు దాని మీదే మళ్లీ క్రికెట్ మొదలుపెట్టారు. అప్పుడొచ్చాడు లింగయ్య, జగిత్యాల వైపు నుంచి కట్టడం పనికి వచ్చినవాడు. ఖాజాభాయ్ గుమ్మంలో నిలబడి, "సార్, మా రూమ్‌ల మల్లేశ్ వానపడ్డ నాటి సంది కనిపిస్తలేడు. పారిపోయిండని కంపెనీ అంటుంది. వాడు పారిపోయెటోడు కాదు. డ్యూటీ అయినంక ఈ వీధిలకెళ్లే వస్తడు. చేతికి ఎండి కడెం ఉంటది. మీ మిషన్‌తోని ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు.

అతని మనసుకు ఊరట కోసమే అనుకుంటూ నేనూ వెంట వెళ్లాను. యంత్రం మోగినచోటల్లా ఖాజాభాయ్ తవ్వారు. డబ్బా మూత, మేకులు, విరిగిన తలుపు గడియ. ఎండ చురుక్కుమంటోంది. గోడ వారగా, పిల్లలు వికెట్లుగా పేర్చుకున్న రాళ్ల పక్కన, అది మళ్లీ మోగింది. ఆయన పార పక్కన పెట్టి చేతులతో మట్టి తీశారు. ముందు చొక్కా అంచు కనబడింది. తర్వాత కడియం. కడియంలో మణికట్టు.

లింగయ్య ఆ పక్కనే కూలబడ్డాడు. ఆ పొద్దున మా పాప బ్యాటు పట్టుకుని నిలబడింది అక్కడే.

ఖాజాభాయ్ చొక్కా విప్పి ఆ చేతి మీద కప్పారు. "పోలీసులకు ఫోన్ చెయ్యమ్మా. పిల్లోళ్లను ఇండ్లకు పంపు" అన్నారు. వాళ్లు వచ్చేదాకా లింగయ్య భుజం పట్టుకుని ఆ నేల మీదే కూర్చున్నారు. ఒక్కసారి మాత్రం మట్టివైపు వంగి, "మాఫ్ చెయ్ నాయనా. అందరం నీ మీందనే నడిచినాం" అన్నారు.

పారిపోయాడన్న మాటను కంపెనీ వెనక్కి తీసుకుంది. మల్లేశ్ పెట్టెలో ఇల్లు చేరాడు. ఖాజాభాయ్ కూడా కొన్నాళ్లకు కడప వెళ్లిపోయారు. నేను సహంలోనే బడిలో పాఠాలు చెబుతున్నాను. హాజరు పిలిచేటప్పుడు ఏ పేరుకైనా వరసగా కొన్ని రోజులు జవాబు రాకపోతే, "వాళ్లు ఊరెళ్లిపోయి ఉంటారు మేడమ్" అని ఎవరో ఒకరు అంటారు. బడి వదిలాక నేను ఆ పిల్లల ఇంటికి వెళ్లి తలుపు కొడతాను.