తలకు రాసుకున్న సిరా

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మా ఇంటికి జీతం తెచ్చేది అమ్మమ్మ ఒక్కతే. మేం బాయి అని పిలిచే బొగ్గుగని మీద, పైకొచ్చిన బొగ్గులోంచి రాళ్లు ఏరే పని ఆమెది. నాన్న ఇంకో పెళ్లి చేసుకోవడంతో అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. మేమిద్దరం, ఇంకా పెళ్లికాని మా మామ, అందరం అమ్మమ్మ రెక్కల మీదే బతికేవాళ్లం. అయినా ఇంటికి ఎవరొచ్చినా మామతోనే మాట్లాడేవారు. అమ్మమ్మను మంచినీళ్లు తెమ్మనేవారు.

ఆ రోజుల్లో కంపెనీ వాళ్లు బాయిల మీద ఆడవాళ్లను తగ్గించాలని చూసేవారు. ఆడమనిషి తన నౌకరి వదులుకుంటే కొడుక్కో అల్లుడికో ఇస్తామన్నారు. మా వాడలో చాలామంది అలాగే ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నారు. నౌకరి మామకు ఇచ్చేయమని మా ఇంటికీ రాయబారాలు మొదలయ్యాయి. మామ చెడ్డవాడేం కాదు. కానీ నౌకరి వస్తే పెళ్లవుతుంది, పెళ్లయ్యాక తనకూ నాకూ ఈ ఇంట్లో ఇంత ముద్ద దొరుకుతుందో లేదోనని అమ్మ లోలోపలే కుమిలిపోయేది. పైకి మాత్రం ఒక్క మాట అనలేదు. అనే హక్కు తనకు లేదనుకుంది.

అమ్మమ్మ ఎవరికీ అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఒకనాడు పొద్దున్నే నన్ను బడి మాన్పించి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని బాయి ఆఫీసుకు బయలుదేరింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడిచాడు. సాక్షిగా కులపెద్ద ఒకాయన వచ్చాడు. దారి పొడవునా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

క్లర్కు కాగితం పరిచి, అమ్మమ్మ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. అప్పుడు అడిగిందామె, చాలా మామూలుగా.

"సారూ, గీ నౌకరి నా బిడ్డకు ఇయ్యరాదా? మొగడు ఇడిసిపెట్టిండు."

"ఆడోళ్లకు ఇయ్యరు. కొడుక్కో అల్లునికో ఇస్తరు."

"నేను ఆడిదాన్నే గదా. మరి నాకెట్ల ఇచ్చిండ్రు?"

క్లర్కు నవ్వి, రూలు అట్లనే ఉందన్నాడు. కులపెద్ద, "జర జల్ది ముద్ర వెయ్యి అక్కా, పోరని బతుకు గదా" అన్నాడు.

మా దిక్కున వేలిముద్ర వేశాక అంటిన సిరాను తలకు రుద్దుకుంటారు. అమ్మమ్మ ముద్ర వేయకుండానే రుద్దుకుంది. తొందరేం లేకుండా, వేలు తెల్లబడేదాకా, తన నెరిసిన జుట్టుకే రాసుకుంది.

"బిడ్డకు ఇయ్యని నౌకరి కొడుక్కు ఎందుకియ్యాలె? నా చేతనైనన్ని దినాలు నేనే జేస్త."

ఆ మాట అని, కొంగు నడుముకు చుట్టి, అటునుంచి అటే డ్యూటీకి పోయింది. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టిందని వాడవాళ్లంతా ఆడిపోసుకున్నారు. మామ చాలాకాలం ఆమెతో పలకలేదు, తర్వాత లారీ మీద పనికి కుదిరాడు. కొడుకు అలిగినందుకు ఆమెకు బాధ లేదని కాదు. ఆ బాధతోనే రోజూ పనికి పోయింది. రిటైరయ్యేలోపు రెండు గదుల ఇల్లు కట్టి, ఒకటి కొడుక్కి, ఒకటి బిడ్డకి అని వాడవాళ్లందరి ముందు చెప్పి మరీ రాయించింది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, అమ్మా మామా లేరు. మొన్నామధ్య మామ కొడుకులు మిఠాయి డబ్బా పట్టుకుని కరీంనగర్‌లో మా ఇంటికొచ్చారు. "నీకేం తక్కువ వదినే, మా అత్త గది మీద హక్కు లేదని ఒక్క సంతకం పెట్టు" అన్నారు. ఆడపిల్ల అడిగితే ఏం బాగుంటుందని నచ్చజెప్పారు. నేను మిఠాయి తిన్నాను, చాయ్ పోశాను, సంతకం మాత్రం పెట్టలేదు.

వాళ్లు నాతో మాటలు మానేశారు. మానేస్తే మానేయనీ. ఆ గది మా అమ్మది, ఆమె తర్వాత నాది, నా తర్వాత నా బిడ్డది.