స్కర్టు అంచులో రెండంగుళాలు

కొత్త యూనిఫాం గుడ్డకు ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే వాసన నన్ను ఇప్పటికీ బెంగళూరు యలహంకలోని రత్నక్క కుట్టుమిషను ముందు నిలబెడుతుంది. మొన్న మా అమ్మాయి స్కర్టు ఇస్త్రీ చేస్తుంటే అదే జరిగింది. రత్నక్క మా వీధి పిల్లలందరికీ బడి బట్టలు కుట్టేది. మనిషి నాలుగున్నర అడుగులు ఉండేదేమో, మా భుజాల కొలత తీయడానికి ముక్కాలిపీట ఎక్కేది. ఏటా జూన్‌లో తీసిన కొలతలన్నీ ఒకే లావుపాటి నోటుపుస్తకంలో పేరుపేరునా రాసుకునేది. పిల్లలు పెరుగుతారు కదా, అందుకని స్కర్టు అంచును లోపలికి మడిచి కుట్టి, మరుసటి ఏడు విప్పి పొడుగు చేసేది. ఎవరికి ఎంత మడత అన్నది ఆమె ఇష్టమే, తల్లుల మాట చెల్లేది కాదు.

ఆరో తరగతిలో అందరికంటే నేనే పొడుగు. వాలీబాల్ జట్టులో నెట్ దగ్గర చోటు నాదే, అదంటే నాకు ప్రాణం. ఆ వేసవిలో, తోటివాళ్ళకంటే ముందే పెద్దమనిషినయ్యాను. ఇక తాటిచెట్టంత అవుతుందని అమ్మ మురిసిపోయి, "నాలుగంగుళాలు మడత పెట్టు రత్నా" అంది.

"రెండు చాలక్కా" అంది రత్నక్క.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు? నేను పెరగనా?"

"కోపమెందుకు పాపా, ఈ బుక్కు చూడు." పేర్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టి అంకెలు చూపించింది. ఒక పిల్ల గబగబా పెరిగి, తరవాత దాదాపు ఆగిపోయింది. ఇంకో పిల్ల ఎనిమిదో తరగతి దాకా పిట్టంతే, పదో తరగతిలో కూడా మడత విప్పాల్సి వచ్చింది. "ముందు ఉరికినోళ్ళు ముందే నిలబడతారు. నిదానంగా వచ్చినోళ్ళు ఇంకా నడస్తానే ఉంటారు. అందరికీ ఇట్లే అని కాదప్పా, నా బుక్కులో శానామందికి ఇట్లే ఉండాది."

"మరి నువ్వు?"

రత్నక్క నవ్వింది. "నేను పదేండ్లకే పెద్దమనిషినైనా. అప్పుడు వీధిలో నేనే పొడుగు. పెద్దదైపోయిందని బడి మాన్పించినారు. ఇప్పుడు చూడు, ఇంతే ఉండాను."

నేను నమ్మలేదు. ఆమె తప్పని నిరూపించడానికే ప్రతి జూన్‌లోనూ వెళ్ళేదాన్ని. ఆమెకు అది భలే నచ్చి, అంకె నాచేతే రాయించేది. మొదటి ఏడు ఒకటిన్నర అంగుళం పెరిగాను. తరవాత అర. ఆపై సున్నా. ఆరులో నా భుజం దాకే వచ్చిన లలిత, తొమ్మిదో తరగతిలో నన్ను దాటి పెరిగి నెట్ దగ్గర నా చోటు తీసుకుంది. పుస్తకం ముందు ఏడుస్తూ కూర్చుంటే రత్నక్క ఓదార్చలేదు. పెన్ను చేతికిచ్చి, "ఏడ్చుకో పాపా. ముందు రాసి ఏడ్చుకో" అంది.

ఎముకల కొసల్లో పెరిగే మెత్తటి భాగం ఉంటుందనీ, ఈడు ముందే వస్తే అది ముందే గట్టిపడుతుందనీ చాలా ఏళ్ళకు ఒక డాక్టరు చెప్పింది. స్కర్టు అంచులు విప్పుతూ రత్నక్క అంత దూరం ఎలా చూసిందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా అమ్మాయికి పదేళ్ళు, క్లాసులో అందరికంటే పొడుగు. పోయినవారం పక్క ఫ్లాటావిడ, "ఇంత పెద్దపిల్లకి ఇంకా కుంటాటలేంటండీ" అంది. "దాని వయసు పదేనండీ" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆ మాట రత్నక్కకు పదేళ్ళప్పుడు ఎవరైనా అని ఉండాల్సింది.

ఇస్త్రీ అయ్యాక కొలత తీసి, అంకె దానిచేతే ఒక కొత్త నోటుపుస్తకంలో రాయించాను.

"అమ్మా, నేను ఇంకా పెరుగుతానా?"

"వచ్చే జూన్‌లో చూద్దాం. పో, ఆడుకో."