అడగని ప్రశ్నకు రాసిన జవాబు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మునెమ్మ. గుడియాత్తంలో బస్సెక్కి, వేలూరులో దిగి, షేర్ ఆటో పట్టుకొని బాగాయంలో మా ఇంటి దాకా వచ్చింది. చెప్పులు విడిచి గడప అవతలే నిలబడింది. "మా వదిన పోయింది తల్లీ. నీకు చెప్పాల గదా అని వచ్చినా" అంది. నేను నోరు తెరవకముందే ఇంకో మాట కూడా అంది. "నీతో మాట్లాడి వచ్చిన దినం కొంచిం నిమ్మళంగా ఉండేది. నీకు పుణ్యం ఉంటాది."

ఆ పుణ్యాన్ని తొమ్మిదేండ్లుగా మోస్తున్నాను. రాయి అయితే ఎక్కడో ఒకచోట దించవచ్చు. పుణ్యాన్ని ఎక్కడ దించాలి?

మీరెవరో నాకు తెలియదు. అయినా మీకే చెబుతాను. నా పేరు మాత్రం రాయను. తెలియాల్సిన రెండు చోట్లకు పేరుతోనే రాసేసినాను.

మాది నేతవాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు ఒళ్ళు బాగుండక నేను బడికి పోలేదు. మా అమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తా నేస్తా నాకు అక్షరాలు దిద్దించింది. మా వీధంతా తెలుగే మాట్లాడుతుంది, చదవను వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఆ ముగ్గురిలో మా అమ్మ ఒకతె కావడం నా భాగ్యం. పరీక్షలు ప్రైవేటుగా రాసి, కాలేజీ గడప తొక్కి, చివరికి మనసు బాగులేనివాళ్ళ మాట వినే పని నేర్చుకోవడానికి వచ్చినాను. దేవుడు నడిపించినాడు అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను. నడిపించినచోట నేను నిలబడిన తీరు మాత్రం ఆయన మీద వేయలేను.

ఈ పనిలో పరీక్ష పాసైనంత మాత్రాన లైసెన్సు రాదు. పెద్దవాళ్ళు ఒకరి చేతి కింద ఇన్ని గంటలని పని చేయాలి. ప్రతి గంటకూ లాగ్‌బుక్‌లో వాళ్ళ సంతకం ఉండాలి. నా సూపర్‌వైజర్‌ని మేడమ్ అనే రాస్తాను. ఇంట్లో చదివిన పిల్లకు నలుగురిలో మెలగడం వస్తుందా అని ఒకాయన సందేహపడితే, "వినడం వస్తుంది, మిగతాది నేను నేర్పిస్తాను" అని నన్ను తీసుకున్నది ఆమే. తమిళావిడ. తెలుగు ఒక్క ముక్క రాదు.

బుధవారం నేను గుడియాత్తం పోయేదాన్ని. అక్కడ ఒక చిన్న గదిలో మనుషులను చూసి, శుక్రవారం మేడమ్ ముందు కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళు ఒప్పుకుంటే మాటలు రికార్డు చేయాలి. ఒప్పుకోకపోతే అదే రోజు, మరిచిపోకముందే, వాళ్ళు అన్నదీ మనం అన్నదీ మాటకు మాట కాగితం మీద పెట్టాలి. గుడియాత్తంలో నా దగ్గరికి వచ్చేవాళ్ళు సగం మంది తెలుగువాళ్ళు. వాళ్ళ మాటలు నేను తమిళంలో రాసేదాన్ని. మేడమ్ ఆ కాగితం చదివి, వాళ్ళు ఎట్లా ఉన్నారో, వాళ్ళకు ఏం కావాలో తేల్చేది. అంటే నా కాగితమే ఆమెకు చెవి.

చదవడం అయినాక ప్రతి శుక్రవారం ఒకటే మాట. "కేట్టియా?" అడిగినావా, అని.

బ్రతుకు చాలు అన్నట్టు ఎవరైనా మాట్లాడితే, మెల్లగా, సూటిగా, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడగాలి. అడిగితే ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. ఇది మాకు మొదటి పాఠం. బుద్ధికి తెలుసు. నాలుక తిరిగేది కాదు. మా ఇంట్లో చావు మాట నోట పలికితే మా అమ్మ మూతి మీద కొట్టేది. పైన తథాస్తు దేవతలు తిరుగుతా ఉంటారంట. అట్లా పెరిగిన నోరు ఒక మనిషి ముఖం చూసి ఆ ప్రశ్న ఎట్లా వేస్తుంది? అప్పటికే రెండుసార్లు అడగకుండా వచ్చినాను. రెండుసార్లూ నిజమే చెప్పినాను. రెండోసారి మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మూడోసారి అడగకుండా వస్తే సంతకం పెట్టను. ఇంకో ఆరు నెలలు నా దగ్గరే ఉంటావు. నీ మీద కోపంతో కాదమ్మా" అంది.

మునెమ్మ వదినను సరస్వతక్క అంటాను. అసలు పేరు కాదు. నలభై దాటి ఉంటుంది, ఇంట్లో లుంగీలు నేసే మగ్గం. ఒక్కతే కూతురు జ్వరంతో పోయి రెండేండ్లు. నిద్ర పట్టడం లేదని ఆడబిడ్డ మునెమ్మ పిలుచుకొని వచ్చింది. మొదటి దినమే గది నలుమూలలా చూసి, "రికార్డు గికార్డు వద్దు మా. నా గొంతు నేను వింటేనే భయం, ఇంగ నీ మేడమ్ గూడా వినాల్నా?" అని నవ్వింది. ఆమె ఏడవడం నేను ఒక్కసారే చూసినాను. ఎగతాళి మాత్రం ప్రతి వారమూ చేసేది.

ఆ బుధవారం ఆమె తేటగా ఉంది. తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. నేను సంతోషపడినాను. బాగుపడుతోంది అనుకున్నాను. తొందరపాటు సంతోషం కూడా ఒక తప్పేనేమో. గంట అయిపోయింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటా నా చేతులు చూసింది.

"ఏం మా, సదువుకున్న చేతులు. పోగు అతకను వచ్చునా నీకు?"

"ఎందుకు రాదక్కా? మా అమ్మ నేర్పించింది."

"అయితే నీకు తెలుస్తాది. మగ్గం మింద ఉండే పడుగు ఈ వారంతో సరి. కొత్త పడుగు పంపొద్దని మేస్త్రికి చెప్పేసినా."

"మగ్గం యాడికన్నా మారుస్తా ఉండావా?"

"యాడికి మార్చేది? కోసేస్తా, అంతే. కొస పోగులు గూడా ఉంచను."

చెప్పి నవ్వింది. వక్క కొరికినంత తేలిగ్గా చెప్పింది.

నేతవాళ్ళు కాకపోతే మీకు తెలియదు, చెబుతాను. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన దారాలు. అది అయిపోయినప్పుడు గుడ్డ కోసుకొని, కొస పోగులను మగ్గానికే ఉంచేస్తాం. కొత్త పడుగు వచ్చినాక దాని ఒక్కొక్క పోగును ఆ పాత కొసకు అతుకుతాం. వందల పోగులు, ఒక్కొక్కటిగా. కొస ఉంటేనే మగ్గం మళ్ళీ నడుస్తుంది. చేతిలో పని లేకపోయినా, జ్వరంలో ఉన్నా, ఇంట్లో చావు జరిగినా కొస మాత్రం ఎవ్వరూ తీసేయరు. తీసేసిన మగ్గం ఇంట్లో ఉంటే అరిష్టం అంటారు. అది నాకు తెలుసు. నాకు తెలుసని తెలిసే ఆమె నాతో అన్నది. ఇంకెవ్వరికీ అర్థం కాని మాటను, అర్థమయ్యే ఒక్క మనిషి దగ్గర పెట్టింది.

నాకు అర్థమయింది. దీనికి సాకు లేదు. ప్రశ్న గొంతు దాకా వచ్చింది. నేను సంచి తెరిచి, ఉదయం గుళ్ళో ఇచ్చిన కుంకుమ పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టినాను. "దేవుడు చూసుకుంటాడక్కా" అన్నాను. ఆమె పొట్లం విప్పుతా నా ముఖమే చూసింది. ఇంకేదైనా అంటానని నిలబడిందా? కుంకుమ పెట్టుకుంది. "సరే మా. నువ్వు బస్సుకు పో. మీ అమ్మ వీధిలో నిలబడుకోని ఉంటాది" అంది.

దేవుణ్ణి అడ్డం పెట్టుకొని తప్పించుకున్నాను. ఆ కుంకుమ భక్తితో ఇచ్చినానా, భయంతో ఇచ్చినానా? ఇన్నేండ్లూ దీపం ముందు కూర్చున్నప్పుడల్లా ఇదే. రెండూ అని చెప్పుకుంటాను. భయమే ఎక్కువ.

బస్సులో, ఒళ్ళో అట్ట పెట్టుకొని కాగితం రాసినాను. పడుగు మాట వచ్చేచోట పెన్ను ఆగింది. అది రాస్తే మేడమ్ అడుగుతుంది, దీనికి అర్థమేమి అని. చెబితే, కేట్టియా అంటుంది. ఆరు నెలలు. అంతే నా లెక్క. పడుగు మాట వదిలేసినాను. దాని చోట నేను సూటిగా ప్రశ్న అడిగినట్టు రాసినాను. కింద ఆమె జవాబు రాసినాను: "లేదు మా, అట్లాంటిది ఏమీ లేదు." ఆమె మాట తీరు నాకు బాగా తెలుసు గనక తమిళంలో కూడా అచ్చం ఆమె అన్నట్టే వచ్చింది. అదే ఎక్కువ సిగ్గు.

శుక్రవారం మేడమ్ ఆ వరుస దగ్గర ఆగి తలెత్తింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. "అడిగినావు!" అంది. వచ్చే బుధవారం ఆడి కృత్తిక పండగ, గది తెరవరు. మామూలుగా అయితే వేరే రోజు పొమ్మనేది. కాగితం ఇంకోసారి చూసి, "లేదు అనింది కదా. ఒక వారం విడిచి చూద్దాంలే" అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరిస్తే చాలు. "సరే మేడమ్" అన్నాను. ఆమె సంతకం పెట్టింది.

కృత్తిక అయిన మూడో నాడు మునెమ్మ వచ్చింది. పోతా పోతా వెనక్కి తిరిగి, "అదేందో మా, మగ్గం మింద ఒక పోగు గూడా ఉంచలేదు. శుభ్రంగా తుడిచి పెట్టినాది" అంది.

తర్వాత పెద్దవాళ్ళు నలుగురు కూర్చొని కాగితాలన్నీ చూసినారు. నా కాగితంలో తప్పు లేదు. ప్రశ్న ఉంది, జవాబు ఉంది. మేడమ్ లేచి, "ట్రెయినీ చేయాల్సింది చేసింది. ఆ వారం విడిచిపెట్టమన్నది నేను. తప్పు నాది" అంది. నేను ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆమె చీర కొంగు నా మోచేతికి తగులుతోంది. నేను లేవలేదు.

నెల తిరగకముందే ఆమె ట్రెయినీలకు నేర్పించే పని మానేసింది. నా తీర్పు మీద నాకే నమ్మకం లేదు, ఇంకొకరికి ఎట్లా నేర్పేది అన్నదంట. పోయే ముందు నన్ను పిలిచి, నా చివరి కాగితం మీద సంతకం పెట్టి, "నీకు అర్హత ఉంది. నా వల్ల నువ్వు కుంగిపోకు" అంది. ఆ సంతకంతోనే నాకు లైసెన్సు వచ్చింది. ఆ లైసెన్సుతోనే ఇన్నేండ్లూ అన్నం తిన్నాను.

ఇప్పుడు నేనే ట్రెయినీల కాగితాలు చదువుతాను. పోయిన నెల వాళ్ళలో ఒక అమ్మాయి కనియంబాడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. శుక్రవారం దాకా ఆగలేదు. కాగితంలో ఒకచోట ఖాళీ వదిలింది. "అడగలేదు మేడమ్. భయమేసింది. సంతకం పెట్టొద్దు, పర్వాలేదు. కానీ ఇప్పుడే మళ్ళా పోదాం, రండి" అంది. ఆటోలో ఇద్దరం పోయినాం. తను అడగకుండా వదిలి వచ్చినామె ఇంటి వరి కళ్ళం పక్కన నిలబడి ఆ అమ్మాయే అడిగింది. అవతలామె తల వంచుకొని, అవును అంది. ఆ పూటే ఆమెను ఆసుపత్రికి పిలుచుకొని పోయినాం. ఆమె ఉంది. మొన్న కూడా వచ్చి పోయింది.

అంతే. ఒక ఖాళీ వదిలి ఉంటే చాలు. ఆరు నెలలకు బదులు నేను ఏమి ఇచ్చుకున్నాను?

ఆ రోజు ఇంటికి వచ్చినాక రెండు ఉత్తరాలు రాసినాను. ఒకటి మేడమ్‌కు, ఒకటి నేను పనిచేసే చోటికి. లైసెన్సు తీసేసుకుంటే తీసేసుకోనీ. వాళ్ళు విచారణ అన్నారు, పిలుస్తామన్నారు. మేడమ్ దగ్గర నుంచి జవాబు రాలేదు. రావాలని కోరే హక్కు నాకు లేదు. మునెమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమెకు చదవను రాదు, నేనే పోయి నోటితో చెప్పాలి. ఈ బుధవారం పోతాను. ఆ పుణ్యం ఆమె చేతికే తిరిగి ఇచ్చి రావాలి.

క్షమించమని మిమ్మల్ని అడగను. రాసినాక ఊపిరి కొంచెం లోపలి దాకా పోతోంది, అందుకు దేవుడికి దండం. ఆ మాత్రానికి కూడా నేను తగను.

మిమ్మల్ని అడిగేది ఒకటే. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు గుడియాత్తంలో లుంగీలు నేసిన ఒక మనిషిని తలుచుకోండి. నేను పెట్టిన పేరుతోనైనా సరే. ఎవరైనా ఆమెను అడిగినారా అంటే, ఎవరూ అడగలేదు అని చెప్పండి. ఆమె "లేదు" అనలేదు. ఆ మాట నాది.