దీపం ఆరేదాకా వెల్డా మౌనవ్రతం

వెల్డా ప్రౌటీ మా యూనిటేరియన్ సంఘంలోకి దేవుణ్ణి వెతుక్కుంటూ రాలేదు. మా చర్చిలో పాత సామాన్లు అమ్ముతున్నారని విని, ఒక టేబుల్ లైటు కొనుక్కుందామని వచ్చింది. అది వెలుగుతుందో లేదో చూడ్డానికి ప్లగ్గు వెతుక్కుంటూ పక్క గదిలోకి తొంగి చూస్తే, అక్కడ బుద్ధుడి మీద క్లాసు నడుస్తోంది. కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. కాఫీ వేడిగా ఉంది. కూర్చుంది. పన్నెండేళ్ళయింది, ఇంకా లేవలేదు. ఆ లైటు ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది, ఇంటికి పట్టుకెళ్ళడం ఆవిడ మర్చిపోయింది.

మా సంఘం సంగతి కాస్త చెప్పాలి. మాలో దేవుడున్నాడనేవాళ్ళున్నారు, లేడనేవాళ్ళున్నారు, ముందు ఒక కమిటీ వేసి ఆలోచిద్దాం అనేవాళ్ళు అందరికంటే ఎక్కువమంది ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ ఎవరి నెత్తినా రుద్దకూడదు, అదొక్కటే మా అందరికీ ఉమ్మడి నమ్మకం. రుద్దేవాళ్ళు లేకపోతే ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి కదా. అందుకని తల నెరిసినవాళ్ళ కోసం గురువారం ఉదయాల్లో క్లాసులు పెట్టుకున్నాం. ఒక ఏడాది సూఫీలు, ఒక ఏడాది అమ్మవారి ఆరాధన, ఒక ఏడాది జాతి వివక్ష, మరో ఏడాది చావుకు సిద్ధపడటం ఎలా.

వెల్డా ఒక్కటీ వదల్లేదు. ముప్ఫయ్యేళ్ళు స్కూలు వంటగదిలో గరిటె పట్టిన మనిషి. ఆ పిల్లల గోల మీద వినపడేలా మాట్లాడటం అలవాటైన గొంతు, ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు. ధ్యానం క్లాసులో మనసు ఖాళీ చెయ్యమంటే, "ఖాళీ చేస్తే మళ్ళీ సర్దేదెవరు?" అని అడిగింది. ఎవరి అంత్యక్రియలు ఎలా జరగాలో ఎవరికి వాళ్ళు రాసుకోమంటే, మేమందరం నదుల గురించీ నక్షత్రాల గురించీ రాశాం. ఆవిడ వంటలు మాత్రం రాసింది. కింద ఒక గమనిక: కాఫీ పలచగా కాస్తే లేచి కూర్చుంటాను.

ఇంతవరకూ బాగానే ఉంది. నిరుడు శరదృతువులో 'వినే వలయం' అని కొత్త క్లాసు మొదలుపెట్టడంతో వచ్చింది చిక్కు.

దీన్ని నడిపేది థియా విన్‌స్లో. లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. అడుగు తీసి అడుగు వేసినా చప్పుడు కాదు. పద్ధతి ఇది. అందరం గుండ్రంగా కూర్చుంటాం. మా సంఘానికి గుర్తు పొడుగు కాడ ఉన్న ఒక గిన్నె, అందులో దీపం వెలిగిస్తాం. నదిలో ఏరుకొచ్చిన నున్నటి రాయి చేతులు మారుతుంది. రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు వినాలి, అంతే. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, ప్రశ్న వెయ్యకూడదు. చెప్పడం అయ్యాక అందరం కలిసి "విన్నాం, ధన్యవాదాలు" అనాలి. చివర్న దీపం ఆర్పేస్తే వలయం ముగిసినట్టు. అవతలి మనిషి బాధలో మనం వేలు పెట్టకుండా ఉండటమే గౌరవం అని థియా చెప్పింది. మాకు అది తెగ నచ్చింది. వేలు పెట్టకుండా ఉండటం మాకు మొదట్నుంచీ బాగా వచ్చు.

వెల్డాకు రాదు. మొదటి వారమే ఒకావిడ రాయి పట్టుకుని, కొడుకు తనతో మాట్లాడటం మానేశాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నంబరివ్వు, వాడి సంగతి నేను చూస్తా" అంది. మోకాళ్ళ నొప్పులన్నాయన పాంటు పైకి మడవమని సంచిలోంచి లేపనం తీసింది. ఒకాయన తన జీవితానికి అర్థం కనపడటం లేదన్నాడు. "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగింది వెల్డా. ఏమీ తినలేదట. "మరి!" అంది. థియా కళ్ళు మూసుకుని లోపలికి ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

కమిటీ కూర్చుంది. ఎవర్నీ బయటికి పంపకూడదన్నది మా సంఘం పుట్టినప్పట్నుంచీ ఉన్న మాట. మరి వెల్డాను పంపకుండా పంపడం ఎలా? ఆ వాక్యం రాయడానికి మూడు సమావేశాలు పట్టింది. చివరికి తేలింది ఇది: "మీ రాకను ఎంత ప్రేమతో స్వాగతిస్తామో, మీరు రాకపోవడాన్నీ అంతే ప్రేమతో స్వాగతిస్తాం." దీన్ని ఆవిడ చెవిన వేసే పని నాకు అంటగట్టారు. నేను రిటైరైన పళ్ళ డాక్టర్ని. నోటికి సంబంధించిన వ్యవహారం కాబట్టి నేనైతే సరిగ్గా ఉంటుందట. నా వృత్తంతా నోళ్ళు తెరిపించడం, మూయించడం కాదని మొత్తుకున్నాను. విన్నారు, ధన్యవాదాలన్నారు.

వెల్డా ఇంటికెళ్ళి, ఆవిడ పెట్టిన 'యాపిల్ పై' ముక్క తింటూ నీళ్ళు నమిలాను. ఆవిడ నా మొహం చూసే పట్టేసింది.

"నన్ను పొమ్మంటున్నారా?"

"అబ్బే, పొమ్మనడం కాదు. మీరు రాకపోవడాన్ని కూడా..."

"ఆ సోదంతా ఎందుకయ్యా, అవునా కాదా చెప్పు."

"అవును."

ఆవిడ టీవీ కేసి చూసింది. శబ్దం లేకుండా నడుస్తోంది అది. "వారంలో మిగిలిన రోజులన్నీ దీంతోనే పోట్లాడతా. ఇది ఎదురు చెప్పదు. నాకున్నది ఆ గురువారం ఒక్కటే డాక్టరూ" అంది. పెద్ద గొంతు మనిషి చిన్నగా మాట్లాడితే వినడం కష్టం.

తనే మళ్ళీ అంది: "ఒక్క అవకాశం ఇవ్వమను. వచ్చే గురువారం దీపం వెలిగించిన దగ్గర్నుంచి ఆర్పేదాకా నా నోట్లోంచి ఒక్క మాట వస్తే, మళ్ళీ మీ గడప తొక్కను. ఒట్టు."

ఆ గురువారం బయట మంచు గుమ్మం ఎత్తు పేరుకుని ఉంది. నేనే వెల్డాను కారులో తీసుకొచ్చాను. దీపం వెలగగానే ఆవిడ పెదాలు లోపలికి మడుచుకుని కూర్చుంది. రాయి తన దగ్గరకొస్తే వేడి గిన్నెలా పక్కవాళ్ళకి అందించేసింది. ఒకావిడ తన పిల్లి తప్పిపోయిందని చెబుతుంటే వెల్డా మెడ దాకా ఎర్రబడింది. అయినా నోరు విప్పలేదు. థియా మొహంలో మొదటిసారి చిరునవ్వు చూశాను.

రాయి ఆల్డెన్ కిట్‌రెడ్జ్ చేతికి వెళ్ళింది. ఆల్డెన్ పియానోలు శ్రుతి చేసేవాడు. భారీ మనిషి, మాట పొదుపు. భార్య హెస్టర్ ఆకులు రాలే రోజుల్లో పోయింది. ఆయన రాయిని అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా అన్నాడు:

"ఇల్లు చల్లబడిపోయింది. హీటర్ ఎంత పెంచినా వేడెక్కడం లేదు. కోటు వేసుకునే పడుకుంటున్నా."

దుఃఖాన్ని ఎంత బాగా చెప్పాడని మాకందరికీ కళ్ళు చెమర్చాయి. ఒకాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అందరం ఒక్క గొంతుతో అన్నాం: "విన్నాం ఆల్డెన్, ధన్యవాదాలు."

వెల్డా మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది. బయట ఆ చలి, ముసలాయన హీటర్ చెడిపోయిందని చెబుతున్నాడు, వీళ్ళేమో ధన్యవాదాలంటున్నారు! ఆవిడ నోరు తెరుచుకుంది. దీపం కేసి చూసింది. మూసుకుంది. లేచి, కోటు తగిలించుకుని, ఒక్క మాట లేకుండా బయటికి నడిచింది. మాట్లాడకూడదన్న నియమం ఉంది గానీ, లేవకూడదన్న నియమం లేదు. థియా మనసులో నియమాలన్నీ తిరగేసుకుంటున్నట్టు పెదాలు కదిపింది.

కిటికీలోంచి చూస్తే ఆవిడ నా కారు ఎక్కుతోంది. తాళం చెవి కారులోనే వదిలెయ్యడం మా ఊరి అలవాటు. నేను పరుగెత్తుకెళ్ళి ఆవిణ్ణి పక్క సీట్లోకి జరిపాను. "ఎక్కడికండీ?" అంటే వేలు చూపించింది. మలుపు దగ్గర నా తొడ మీద ఒకటి చరిచి కుడిచేతి వైపు చూపించింది. ఆ విధంగా ఆల్డెన్ ఇంటికి చేరాం. తలుపు తాళం వేసి లేదు, ఇక్కడెవరూ వెయ్యరు.

తలుపు తెరవగానే నా కళ్ళద్దాలు ఆవిరి పట్టేశాయి.

లోపల వంటపొయ్యిలో దూరినట్టుంది. గోడ మీది హీటర్ మీట చివరిదాకా తిప్పి ఉంది. వెల్డా నమ్మక నేలమాళిగలోకి దిగింది, నేనూ వెనకే దిగాను. అక్కడ హీటర్ శుభ్రంగా, రొద చేస్తూ మండుతోంది. దానికేమీ కాలేదు. పైకొచ్చి గదులన్నీ చూశాం. ప్రతి గదిలోనూ అదే సెగ. పడకగదిలో మంచం మీద ఒక పక్క ఆల్డెన్ కోటు ఒకటి పరిచి ఉంది. రెండో పక్క దుప్పటి ముడత పడలేదు.

వెల్డా ఆ మంచం కేసి చాలాసేపు చూసింది. మేం అర్థం చేసుకున్నదే సరైంది, ఆవిడదే పొరపాటు. అయినా నాకు గర్వపడాలనిపించలేదు. మేం సరిగ్గా అర్థం చేసుకుని కుర్చీల్లోనే కూర్చున్నాం. ఆవిడ తప్పుగా అర్థం చేసుకుని ఇక్కడిదాకా వచ్చింది.

మాట్లాడలేదు గానీ, చేతులు ఊరుకోలేదు. ఫ్రీజర్ తెరిచింది. హెస్టర్ పోయినప్పుడు సంఘంలో వాళ్ళం తెచ్చిచ్చిన వంటకాల గిన్నెలన్నీ, మూతల మీద మా పేర్లు అంటించినవి, అంటించినట్టే గడ్డకట్టి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. నాదీ ఉంది. వెల్డా థియా పేరున్న గిన్నె మూత తీసి వాసన చూసి, భక్తిగా వెనక్కి పెట్టేసింది. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు వెతికి పట్టుకుని, డబ్బా మొక్కజొన్నలు పాలల్లో పోసి చారు కాయడం మొదలుపెట్టింది. నా చేతికి కత్తిపీట లాంటి బరువైన కత్తి ఒకటిచ్చి ఉల్లిపాయల వైపు చూపించింది.

ఇంతలో నా ఫోన్ మోగింది. థియా.

"ఎక్కడున్నారు మీరు? వలయం ఇంకా ముగియలేదు. ఇద్దరు బయట ఉండగా దీపం ఎలా ఆర్పమంటారు? అలాగే కూర్చుని ఉన్నాం."

"ఆల్డెన్ ఇంట్లో ఉన్నాం. రండి."

"దీపం?"

"ఆర్పకుండానే తెచ్చెయ్యండి" అన్నాను, విసుగొచ్చి.

థియా వెటకారం తెలీని మనిషి. కాసేపటికి ఆల్డెన్ కారు వాకిట్లో ఆగింది. మిగతావాళ్ళని వలయంలోనే కూర్చోబెట్టి వచ్చిన థియా ఆయన పక్క సీట్లోంచి దిగింది, రెండు చేతుల్లో గిన్నె దీపంతో, మంట మీద తన ఉన్ని టోపీ అడ్డం పెట్టుకుని. మంచులో ఒక్కో అడుగూ తడుముకుంటూ వచ్చింది. టోపీ అంచు కాస్త మాడింది గానీ దీపం ఆరలేదు. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, "వెల్డా, నువ్వు వలయం మధ్యలోంచి లేచి వెళ్ళడం వల్ల మా అందరికీ కలిగిన భావన ఏంటంటే" అని మొదలుపెట్టింది.

వెల్డా దీపాన్ని చూపించింది. తన నోటిని చూపించింది. చేతులు జోడించింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒట్టు నిలబెట్టుకుంది, అయినా ఇక తనని రానివ్వరేమోనన్న భయం ఆ మొహంలో స్పష్టంగా కనిపించింది.

ఆల్డెన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. పొయ్యి మీద ఉడుకుతున్న చారునీ, ఎన్నాళ్ళుగానో వాడని గిన్నెల్నీ చూశాడు.

"ఈవిడెందుకొచ్చింది?" అని నన్నడిగాడు.

"మీ హీటర్ పాడైపోయిందనుకుందండీ."

ఆయన మొహం చిత్రంగా కదిలింది. నవ్వుతాడో ఏడుస్తాడో తెలీలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"హెస్టర్ వాగుడుకాయ. రేడియోకి కూడా జవాబులు చెప్పేది. ఆవిడ పోయాక నేనేం చెప్పినా మీరందరూ బాగా విన్నారు థియా, కాదనను. కానీ ఒక్కరు, ఒక్క మాట తిరిగి అన్లేదు." వెల్డా వైపు తిరిగాడు. "నువ్వైనా ఏదన్నా అనవమ్మా."

వెల్డా దీపం కేసి చూసింది. నేనూ ఆల్డెనూ థియా కేసి చూశాం. థియా నోరు తెరిచింది, బహుశా కమిటీ గురించే. ఈలోగా ఆల్డెన్ ముందుకి వంగి, పుట్టినరోజు కేకు మీద ఊదినట్టు ఒక్క ఊదు ఊదాడు. దీపం ఆరిపోయింది.

"సిగ్గులేదూ నీకు!" అంది వెల్డా. గిన్నెలు గల్లుమన్నాయి. "ఇది ఇల్లా, రొట్టెలు కాల్చే పొయ్యా? హీటర్‌కి ఇంత నూనె తగలేస్తారా ఎవరైనా? ఆ గడ్డం చూసుకున్నావా అద్దంలో? అన్ని గిన్నెలు తెచ్చిస్తే ఒక్కటీ తినకుండా దాచుకున్నావే, మ్యూజియం పెడతావా? థియాది తినలేదంటే అర్థం చేసుకోవచ్చు, డాక్టరు గారిది కూడా తినలేదు! హెస్టర్ ఉంటే ఈ వంటింటిని చూసి నిన్ను నిలబెట్టి కడిగేసేది. పిల్లి తప్పిపోయిందన్న ఆవిడకి కూడా చెప్పాలి, గేరేజీలో చూసుకోమని. పొద్దుట్నుంచీ బిగబట్టుకుని చస్తున్నా..."

గుక్క తిప్పుకోలేదు. థియా చారు తాగుతోంది. తను తెచ్చిన గిన్నె సంగతి విననట్టే ఉంది గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆల్డెన్ మధ్యమధ్యలో "అది కాదు" అంటున్నాడు, వెల్డా "ఏది కాదు?" అంటోంది. హెస్టర్ చారులో మిరియాలు వేసేదని ఆయనంటే, హెస్టర్‌కి చారు కాయడం రాదని ఈవిడంది. ఆయన బల్ల గుద్ది మరీ వాదించాడు.

రెండో గిన్నె చారు సగంలో ఉండగా ఆల్డెన్ మెడ తుడుచుకున్నాడు. "ఏంటిక్కడ ఇంత ఉక్కగా ఉంది?" అన్నాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, లేచి వెళ్ళి గోడ మీది మీట కిందికి తిప్పి వచ్చి కూర్చున్నాడు.