సన్నాయి కాక నోట్లో ఉన్నవాళ్లు

సన్నాయి కాక పోయాడని పొద్దున్నే ఆయన మేళంలో డోలు కొట్టే డోలాయన ఫోను చేస్తే నేను నమ్మలేదు. మా వాడకట్టులో ఉత్తుత్తి చావు కబుర్లతో బతికున్నవాళ్లను చంపి, మధ్యాహ్నానికల్లా మళ్లీ లేపే పని నాది. ఆ పనిలోకి ఇంకొకడు దిగాడేమో అనుకుని, "గింత పొద్దుగాల మంచి ముచ్చటే చెప్పినవ్ గని, నా తాననే నేర్చుకొని నాకే చెప్తున్నవా?" అన్నాను. డోలాయన నవ్వలేదు, తిట్టనూ లేదు. పంక్చరు చూస్తున్న ట్యూబు నా చేతిలోంచి నీళ్ల తొట్టిలోకి జారిపోయింది.

మీలో సిద్దిపేట చుట్టుపక్కల పెండ్లి చేసినవాళ్లుంటే కాకను చూసే ఉంటారు. సన్నగా, పొడుగ్గా, సన్నాయికే ధోవతి కట్టినట్టు ఉండేవాడు. నాకు ఆయన రక్తసంబంధమేమీ కాదు. ఆయన ఇంటికీ నా సైకిలు షాపుకూ నడుమ ఉన్నది ఒకే గోడ. పదో తరగతి తప్పినప్పటి నుంచి ఆ గోడకు ఇవతల నేను, అవతల ఆయన. నేను నా పనిముట్ల చప్పుడు ఆయనకు వినిపించాను, ఆయన తన పనిముట్టు చప్పుడు నాకు వినిపించాడు. ఎవరు ఎక్కువ ఓర్చుకున్నారో చెప్పడానికి ఇప్పుడు ఆయన లేడు.

కాకకు ఒక పద్ధతి ఉండేది. పెండ్లింటికి పోగానే సన్నాయి బయటికి తీసి, ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను పిలిచి, "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అని అడిగేవాడు. వాళ్లు నవ్వి, తమ నోటికి వచ్చినట్టు చెప్పేవాళ్లు. కాక సన్నాయి మూతి దగ్గర నోరు పెట్టి, ఆ పేరును అచ్చంగా వాళ్లు పలికినట్టే పలికి, అప్పుడు వాయించేవాడు. ఎందుకట్లా అని అడిగితే, "ఎవలింటి పేరుతోని వాళ్లింట్ల పిలవాలె. లేకుంటె పరాయిదాని లెక్క మోగుతది" అనేవాడు.

నంగునూరు దిక్కు ఒక ఇంట్లో ముసలాయన దాన్ని "సనాయ్" అన్నాడు, తొందరగా, వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టు. జగదేవ్‌పూర్ నుంచి వచ్చి మా బజార్లో బట్టలు కుట్టిన దర్జీ "సున్నాయి" అనేవాడు. బ్యాండు మేళంలో డ్రమ్ము కొట్టే సాయిబు "షెహనాయి" అనేవాడు. బియ్యం మిల్లులో బస్తాలు మోసే బీహారు పిలగాళ్లు "సహనాయి" అనేవాళ్లు. కాక ఎవరినీ దిద్దలేదు. అందరివీ దాచుకున్నాడు. నోరంటే నాకు తిండికీ, తిట్టడానికీ పనికొచ్చేది. ఆయనకది కిరాయి తీసుకోని ఇల్లు. ఒక్కొక్కరు వచ్చి దిగారు, ఎవరూ ఖాళీ చేయలేదు.

ఆ నంగునూరు ఇంటికే కొన్నేండ్ల తర్వాత మళ్లీ పెండ్లికి పోయాం. నేనెందుకు పోయానంటే భోజనానికి. ముసలాయన అప్పటికే పోయాడు. కాక ఆ సంగతి తెలిసే, పందిట్లో సన్నాయి మూతి దగ్గర నోరు పెట్టి "సనాయ్" అన్నాడు. అదే తొందర, అదే గొంతు. లోపలి గదిలోంచి ముసలాయన పెండ్లాం "ఆఁ, వస్తున్న" అంటూ బయటికి వచ్చింది. చేతుల నిండా పిండి, ఆ పిండి చేతులతోనే కొంగు తల మీదికి లాక్కుంటోంది. గడప దాటాక ఆగిపోయింది. పట్టపగలు, మైకులో పాటలు, వంటల వాసన, పందిరి నిండా మనుషులు. ఆమె మాత్రం కొంగు దించకుండా కాక వంకే చూస్తూ నిలబడింది. నాకు జోకు ఒకటి తోచింది గానీ మింగేశాను. అట్లా జరగడం నాకు అదే మొదటిసారి.

గొంతులు పట్టడం నాకూ వచ్చు. బస్సు కండక్టరు దగ్గర నుంచి మా ఇంటావిడ మేనమామ దాకా ఎవరినైనా దించేస్తాను. దర్జీ చనిపోయిన కొన్నాళ్లకు గోడ అవతలికి వినబడేలా, దర్జీ గొంతుతో "ఏమయ్యా, సున్నాయి!" అని కేకేశాను. అవతల కాక పనేమీ ఆపలేదు.

"వాడు ‘సు’ను ముక్కుతోని అంటడు. నువ్వు నోటితోని అన్నవ్" అన్నాడు. కొంచెం ఆగి, "మల్ల గిట్ల పిలవకురా. వాడు ఈడనే ఉన్నడు, ఇనబడ్తది" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. నవ్వాక కుర్చీని రోడ్డువైపు తిప్పుకుని కూర్చున్నాను.

మా వాడకట్టులోనే బీడీలు చుట్టే అత్త ఉంది. అందరికీ ఆమె అత్తే. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు మస్కట్లో పని చేసేవాడు. ఒకసారి సెలవు మీద వచ్చి కాక అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పాడు.

"కాకా, గాడ దీన్ని సుర్నాయ్ అంటరు. మా డ్రైవరు బలూచోడు, ‘ర’ను గుర్రం లెక్క ఉరికిస్తడు. టర్కీ ఇంజనీరేమో జుర్నా అన్నడు. చైనా మేస్త్రీకి ఫోన్ల బొమ్మ చూపిస్తె స్వోనా అన్నడు."

"ఒక్క కట్టెకు గిన్ని పాస్‌పోర్టులా!" అన్నాను నేను గోడ ఇవతల నుంచి.

"నువ్వు ఊకోరా" అన్నాడు కాక. "గాలి ఒక్కటే, నోళ్లే వేరు. వాళ్లందరిది సరే బిడ్డా, నువ్వేమంటవ్?"

వాడు రెండూళ్ల పేర్లనూ నోట్లోనే కలిపి చూసుకున్నాడు. తర్వాత "సుర్‌నాయి" అన్నాడు. ముందు సగం మస్కట్, వెనక సగం సిద్దిపేట. చివరలో సిగ్గుపడి నవ్వాడు, ఆ నవ్వు కూడా పేరులో భాగమే అన్నట్టు. కాక వాడి చేత మళ్లీ అనిపించుకున్నాడు.

వాడు ఆ సెలవు అయిపోయి తిరిగి పోయాక, అక్కడే నిద్రలో పోయాడు. శవపెట్టె వచ్చింది. విప్పొద్దన్నారు. అత్త కొడుకు మొహం చూడలేదు. ఆమెది బటన్ ఫోను, వాడు మాట్లాడిన మాటలేవీ అందులో మిగల్లేదు. కొన్నాళ్లకు ఆమె, "వాని గొంతు యాదికొస్తలేదు, మొహం యాదికొస్తది గని గొంతు వస్తలేదు" అని ఏడ్చింది. ఏడ్చింది కాక అరుగు మీదే.

కాక లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చాడు. కండ్లు మూసుకుని "సుర్‌నాయి" అన్నాడు. నవ్వుతో సహా.

అప్పుడు నా షాపులో హుస్నాబాద్ మనిషి ఒకాయన బండికి గాలి పెట్టించుకుంటున్నాడు. తలెత్తి, "అత్త కొడుకు ఎప్పుడొచ్చిండు?" అని అడిగాడు. వాడు పోయిన సంగతి ఆయనకు తెలియదు. నేను పంపు కొడుతూనే ఉన్నాను, టైరు పగిలేదాకా.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అత్త కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, వచ్చేదారిలో అరుగు మీద కూర్చునేది. కాక ఒక్క మాట అనేవాడు. ఆమె లేచి పోయేది. రెండో మాట ఉండేది కాదు. ఒక శుక్రవారం నేను గోడ పక్క నుంచి ఫోనులో రికార్డు చేసి ఆమెకు వినిపించాను, ఇంట్లో పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు వినొచ్చని. మేం ముగ్గురం విన్నాం. ఫోనులో ఒక ముసలాయన, గొంతు పొడారిపోయి, ఏదో అంటున్నాడు. వాడు అందులో లేడు. అత్త ఫోను నా చేతిలో పెట్టి, "గిండ్లకు రాడు వాడు" అంది. కాక ఏమీ ఆశ్చర్యపోలేదు. "మనిషి పోతె మాటలన్ని పోతయి. ఒక్క మాటన్న నా తాన ఉండనీ అని ఉంచుకున్న. ఫోనుకేమి పట్టింది?" అన్నాడు.

పోయిన సోమవారం కాకను తీసుకుపోయాం. పాడె మీద ఆయన పక్కన సన్నాయి పెట్టాం. ఎత్తబోయే ముందు డోలాయన ఆపాడు. "ఆయినె పద్ధతి ప్రకారం ఒక్కపారి పేరు పిలుద్దాం. ఆయినె ఏమంటుండె దీన్ని?" అన్నాడు.

ఎవరూ చెప్పలేకపోయారు. ఇన్నేండ్లు గోడ పక్కన కూర్చున్న నేనూ చెప్పలేకపోయాను. ఆయన తన కోసం ఎప్పుడూ పలకలేదు. "గిది తే", "గిది తుడువు" అనేవాడు. పేరు పలికినప్పుడల్లా ఎవరో ఒకరి గొంతుతో పలికేవాడు. అందరి పేర్లూ ఉన్న నోరు, ఆ మధ్యాహ్నం దూది పెట్టి మూసి ఉంది. చివరికి పేరు పిలవకుండానే ఎత్తాం.

శుక్రవారం వచ్చింది. అత్త వచ్చి ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంది, ఖాళీ చాట ఒళ్లో పెట్టుకుని. మిట్టమధ్యాహ్నం ఎండ. నేను చాలాసేపు చూడనట్టు నటించి, ఇక తప్పక పోయాను.

"అత్తా, కాక లేడు గదా."

"ఎర్కనే."

"మరి?"

"గోడ అవుతల్నుంచి గిన్నేండ్లు ఇన్నవ్ గదా అల్లుడా. నువ్వను."

"నేను దించేటోన్నే గని అత్తా, నావి నవ్వులాటకు. తప్పు పోతె?"

"తప్పు పోతె మా పోరడు మల్ల పోతడు" అంది, చాటలో పొగాకు దుమ్ము దులుపుతూ. "గందుకే మంచిగ అను."

ఈ జిల్లాలో నేను దించని గొంతు లేదు. అయినా లోపలికి పోయి కాక తాగే చోటనే నీళ్లు తాగాను. వచ్చి కండ్లు మూసుకున్నాను. ఆ పిలగాని మొహం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. అన్నాను.

"సుర్‌నాయి."

అనగానే తప్పు పోయిందని తెలిసింది. నవ్వు వచ్చింది, మస్కట్ వచ్చింది, సిద్దిపేట వచ్చింది. కానీ నడుమ ఒక ఎగపోత వచ్చింది. మెట్లెక్కి వచ్చినవాడు సగంలో ఆగి ఊపిరి తీసుకున్నట్టు. అది పాతికేండ్ల పిలగానిది కాదు. నేను నేర్చుకున్నది వాడి దగ్గర కాదు గదా, కాక దగ్గర.

అత్త చాట పక్కన పెట్టింది. "మల్ల అను" అంది.

అన్నాను. మళ్లీ ఆ ఎగపోత వచ్చింది. నేను వద్దనుకున్నా వచ్చింది.

"ముసలోడైండు" అంది ఆమె.

"ఎవలత్తా?"

"మా పోరడు. దమ్ము అందుతలేదు సూడు." ఆమె మొహంలో ఏడుపు లేదు. సెలవు మీద వచ్చిన కొడుకును ఎగాదిగా చూసే తల్లి మొహం అది. "కాక తాన ఉండి ఉండి ముసలోడైండు. పోనియ్. ఉన్నోడయితెనే గద ముసలోడయ్యేది."

లేచింది. చాట చంకలో పెట్టుకుని, వచ్చే శుక్రవారం సంగతి ఏమీ అనకుండా, అరుగు దిగి బజారు వైపు నడిచింది. గోడల వెంబడి సన్నగా నీడ ఉంది, ఒక్క మనిషి పట్టేంత. ఆమె ఆ నీడలోకి పోలేదు. దాన్ని పక్కన విడిచిపెట్టి, మెల్లగా, దమ్ము అందని ఎవరో అందుకునేదాకా ఆగి ఆగి, తను మాత్రం ఎండలోనే నడుచుకుంటూ పోయింది.