కంచం మీద మూడు దెబ్బలు

పద్మక్క నన్ను భోజనానికి పిలిచే పద్ధతి ఒకటుంది. బ్రాంప్టన్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకుంటాను. వంట కాగానే ఆవిడ మెట్ల దగ్గరికొచ్చి స్టీలు కంచం మీద గరిటెతో టంగు టంగు టంగుమని మూడు దెబ్బలు కొడుతుంది. నాకంటే ముందు ఆ గదిలో ఉన్న వాళ్ళబ్బాయి తేజకీ అదే పిలుపు. అలాంటి మనిషి అక్టోబరు చివర్లో ఒక గురువారం కంచం లేకుండా తనే మెట్లు దిగి వచ్చింది. "తమ్మీ, శనివారం కారు తీస్తవా? తేజ ఆఖరి ఆట. నాలుగేండ్లల్ల ఒక్కటి సూడలే నేను," అంది.

తేజ క్యూబెక్‌లో, మాంట్రియల్‌కి అవతల ఒక చిన్న యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడతాడు. కాలితో ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. ఈ సీజన్లో ఆడిన ఏడు ఆటలూ ఓడిపోయారు. మిగిలింది ఒక్కటే. దాంతో తేజ ఆట ముగుస్తుంది, ఈ ఏడాదితో చదువూ అయిపోతుంది. ఆ ఒక్కటైనా గెలవాలని వాడి ఆశ, అది కళ్ళారా చూడాలని తల్లి ఆశ. శనివారాలు వేర్‌హౌస్ షిఫ్టు వల్ల ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేకపోయింది. బావగారు ట్రక్కుతో ఆల్బర్టా వైపు తిరుగుతుంటారు. ఈసారి షిఫ్టు మార్చుకుంది కానీ కొడుక్కి చెప్పలేదు. చెబితే "ఎలాగూ ఓడతాం, ఎందుకమ్మా" అంటాడని భయం.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఆ వేళకి 401 హైవే ఖాళీగా ఉంటుంది, టోలు రోడ్డు ఎక్కనక్కర్లేదు. కింగ్‌స్టన్ దగ్గర కాఫీకి ఆగాం. మాంట్రియల్ వంతెన దాటి హైవే 10 పట్టుకుంటే ఇంకో గంటన్నర. మొత్తం ఏడు వందల కిలోమీటర్లు, వెళ్ళడానికే పెట్రోలు తొంభై డాలర్లయింది. వెనక సీట్లో రెండు పెద్ద ట్రేల నిండా పులిహోర, కోడి వేపుడు. ఆట అయ్యాక తల్లిదండ్రులు కారు డిక్కీలు తెరిచి ఆటగాళ్ళకి తిండి పెట్టడం అక్కడి అలవాటట. ట్రేల మీద కంచం, గరిటె కనిపించాయి.

"వడ్డించడానికా అక్కా?"

"కాదు, లొల్లి చెయ్యనీకి. ఆటకు పోయి గమ్మున కూసుంటరా ఎవలన్న?"

నేను అప్పటికే మూడు వీడియోలు చూసి పండితుణ్ణయిపోయాను కాబట్టి దారంతా పాఠం చెప్పాను. మూడు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. తేజ ముందు వరుసలో వంగి నిలబడి, బంతి కదలగానే ఎదుటివాణ్ణి తొయ్యాలి. అంతకుముందు కదిలితే తప్పు. అసలు తెలుసుకోవలసింది మాత్రం ఆ వీడియోల్లో లేదు.

పన్నెండుంబావుకి చేరాం. టికెట్ పదిహేను డాలర్లు, పార్కింగ్ ఉచితం. జనం మూడు వందలుంటారేమో, గాలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. మొదటి సగంలోనే మనవాళ్ళు పాయింట్లు తెచ్చే గీతకి ఒక్క గజం దూరం దాకా వెళ్ళారు. చివరి ప్రయత్నం. చిత్రంగా జనమంతా నోళ్ళు మూసుకున్నారు. ఇదేం చప్పటి జనంరా బాబూ అనుకుని నేను ఈల వేశాను. అక్క లేచి కంచం మీద మూడు దెబ్బలు కొట్టింది. బంతి కదలకముందే తేజ తలెత్తి నిటారుగా లేచి నిలబడ్డాడు. తప్పని రిఫరీ జెండా విసిరాడు. ఐదు గజాలు వెనక్కి. ఆరు పాయింట్లు రావలసిన చోట బంతిని తన్ని మూడుతో సరిపెట్టుకున్నారు.

పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి తట్టింది. "మన పిల్లల చేతిలో బంతి ఉంటే మనం మాట్లాడం. బంతి కదిలే ముందు ఇచ్చే పిలుపు వాళ్ళకి వినపడాలి కదా. అవతలివాళ్ళ చేతికెళ్ళాక చూడండి, నేనూ అరుస్తాను," అంది ఇంగ్లీషులో, నొప్పించకుండా.

నేను తెలుగులో చెప్పేసరికి అక్క మొహం పాలిపోయింది. "నా బిడ్డను నేనే ఆగం జేస్తి గదా తమ్మీ," అంది. ఆవిడ కంచాన్ని బెంచీ మీద పెట్టి దాని మీద కూర్చుంది. ఆట అయ్యేదాకా మళ్ళీ లేవలేదు. చివరి నిమిషంలో మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఆఖరి ప్రయత్నానికి తేజ వంగి నిలబడ్డప్పుడు ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఈసారి వాడు బంతి కదిలేదాకా కదల్లేదు. తన ఎదుటివాణ్ణి చివరిదాకా ఆపాడు కూడా. విసిరిన బంతే ఎవరికీ అందకుండా నేలపాలయింది. ఎనిమిదికి ఎనిమిదీ పోయాయి.

ఆ జెండా ఊసు ఎవరూ ఎత్తలేదు. అక్క మాత్రం తన వల్ల పోయిన ఆ మూడు పాయింట్లూ లెక్కేసుకుని, ట్రేలు దించుతూ ఏడుస్తోంది. తేజ హెల్మెట్ చేత్తో పట్టుకుని, ఒళ్ళంతా బురదతో వచ్చాడు.

"నా లొల్లికి నీకేం వినబడకపాయె గద బిడ్డా."

"కాదమ్మా, బాగా వినబడింది. నీ కంచం అని తెలిసిపోయింది. తినడానికి పిలుస్తున్నావని బాడీ ఆటోమేటిగ్గా లేచింది," అన్నాడు నవ్వుతూ. అంతలోనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవ్రీ గేమ్ స్టాండ్స్‌లోకి చూస్తానమ్మా, నాకోసం ఎవరూ ఉండరు. ఇంకోసారి కొట్టు. ఇప్పుడు జెండా పడదులే."

అక్క కొట్టింది. నలభై మంది కుర్రాళ్ళు కుంటుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డారు. పావుగంటలో ట్రేలు ఖాళీ.

ఆ రాత్రి మాంట్రియల్‌లో మోటెల్‌లో ఉండి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాం. గదిలో బూట్లు విప్పుకుంటుంటే మెట్ల మీంచి టంగు టంగు టంగుమని వినపడింది. ఒక బూటు విప్పానో లేదో, లేచి నిలబడి ఉన్నాను. ఆకలి కూడా లేదు నాకు. ఆ ఒక్క గజం దూరంలో తేజ ఎందుకు లేచాడో అప్పుడు బాగా అర్థమైంది. ఓడిపోయిన సీజన్ కోసం అంత దూరం వెళ్ళాలా అని అడిగేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు అదే.

మీరూ వెళ్ళేటట్టయితే ఒక్క సలహా: స్టీలు కంచం తప్పకుండా తీసుకెళ్ళండి. బంతి మన పిల్లల చేతిలో ఉన్నంతసేపూ దాని మీద కూర్చోండి.