నేను నడవని నడక

నాకు షుగర్ బయటపడ్డ ఏడాదే, అరకులో మా వర్తకుల వాట్సాప్ గ్రూపు నడక పోటీ పెట్టుకుంది. ఎవరి అడుగులెన్నో గ్రూపులో కనిపించేలా అందరం ఫోన్లలో ఒకే యాప్ వేసుకున్నాం. ఆ నెలలో ఒక్క రోజున అందరికన్నా ఎక్కువ అడుగులు వేసినవాళ్లకు నెల చివర సన్మానం. నాన్న విజయనగరం వైపు నుంచి కొండెక్కి వచ్చి పెట్టిన కిరాణా కొట్టు మాది. పొద్దున్న షట్టరెత్తి కూర్చున్నానంటే భోజనానికే లేచేది. యాప్ గంటగంటకీ కుయ్‌మని, "లేవండి, మీ శరీరం ఎదురుచూస్తోంది" అనేది. నేను లేవకుండానే దాని నోరు నొక్కేవాణ్ణి.

ఒక సంత రోజు మధ్యాహ్నం ఫోన్ కనిపించలేదు. గల్లాపెట్టె, బియ్యం బస్తాల సందులు అన్నీ వెతికాం. వేరే ఫోన్ నుంచి ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఎవరో కొట్టేశారనే అనుకున్నాను. పొద్దున్నుంచి కొట్టుకొచ్చిన కొండవాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు తగులుతుంది.

పొద్దు వాలుతుండగా ఒకావిడ గుమ్మంలో నిలబడింది. ఏళ్ల తరబడి మాకు పసుపు, రాజ్‌మా తెచ్చే మనిషి. వయసులో నాకన్నా పెద్దది. వాళ్ల ఊరికి రోడ్డు లేదు. రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి కొండెక్కాలి.

"బాబూ, నీ పోను నా బుట్టలోకొచ్చీసినాది. ఎండుసేపల పొట్లంతో నువ్వే పెట్టీసినావు. ఇంటికెల్లి సూసుకున్నాను. దారంతా ఒకటే కూత! ఏదో పిట్ట ఎనకాల వత్తందనుకున్నాను."

"రేపు తెస్తే సరిపోయేది కదమ్మా."

"నీ యాపారం ఆగిపోద్దని బేగొచ్చీసినాను."

మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. టీ అయినా ఇప్పించాలని ఆవిడ సందు తిరిగాక తోచింది.

ఫోన్ తెరిస్తే తెర మీద రంగు కాగితాలు రాలుతున్నాయి. "అద్భుతం! ఇది మీ జీవితంలోనే గొప్ప రోజు!" ఆవిడ ఇంటికెళ్లి తిరిగొచ్చిన అడుగులన్నీ నా పేరున పడ్డాయి. అంతకుముందు సంతకు దిగిన నడక, ఇప్పుడు చీకటి పడేలోగా ఎక్కాల్సిన కొండ ఆ లెక్కలో లేనే లేవు. గ్రూపులో అప్పటికే చప్పట్ల బొమ్మలు కురుస్తున్నాయి. నిజం చెబుదామని రెండు సార్లు టైప్ చేసి చెరిపేశాను. చివరికి నమస్కారం బొమ్మ పెట్టాను.

నెలాఖరున శాలువా కప్పారు. ఫొటోలో పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది.

"ఆ రోజు మీరు కుర్చీ దిగలేదు కదా. ఆళ్లకి సెప్పలేదేటి?"

మర్నాడు గ్రూపు పెద్ద దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి, శాలువా తిరిగిచ్చాను. చీదరించుకుంటాడని సిద్ధపడ్డాను. ఆయన పగలబడి నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! నేను ఫోన్ని మనవరాలి ఉయ్యాలకి కడతన్నాను. ఊపుతుంటే అడుగులు పడిపోతన్నాయి. బట్టల కొట్టాయన కుక్క మెడకి కట్టీసినాడు."

నాకు అసహ్యం వేసింది. అతని మీద ఎంతో, నా మీదా అంతే. కుర్చీల్లోంచి లేవని మేం మా కోసం మేం నడవడానికి కూడా ఇంకొకరి కాళ్లు వాడుకున్నాం.

గ్రూపులోంచి తప్పుకున్నాను. యాప్ తీసేశాను. తరువాతి సంతకు ఆవిడ వచ్చినప్పుడు జరిగిందంతా విప్పి చెప్పాను. ఆవిడకు ముందు అర్థం కాలేదు.

"నడిత్తే మెచ్చుకుంటాదా పోను? మరి బరువు మోత్తే?"

"అది దానికి తెలీదమ్మా."

"అయితే దానికేటి తెలుసు!" అని బుట్ట ఎత్తుకుంది. ఇంటి దాకా నేనూ వస్తానని బయలుదేరాను. మొదటి గెడ్డ దాటేసరికే ఆయాసం ముంచుకొచ్చి రాయి మీద కూలబడ్డాను. ఆవిడ వెనక్కి తిరిగింది.

"కూకో బాబూ. ఊపిరి తిరిగినాక ఎనక్కెల్లిపో. నాకు పొద్దుపోతాంది" అని నెత్తి మీద బరువుతో కొండెక్కడం మొదలుపెట్టింది.